కొత్తచెరువులో ఒక బెజ్జం

ఆదివారం జిల్లా ఎంపిక పోటీ. గురువారానికి నా ఎయిర్ రైఫిల్ మాట వినడం మానేసింది. ఒక గుండు పైకి, మరొకటి కిందికి. లోపం ఎక్కడుందో నాకు తెలుసు. గుండు పోయే గొట్టం కింద ఉండే గాలి గొట్టంలో రెగ్యులేటరు అనే ఇత్తడి ముక్క ఒకటి పెట్టించుకున్నాను. ప్రతి గుండుకూ ఒకే ఒత్తిడితో గాలి అందించడం దాని పని. దాని రెండు రబ్బరు రింగుల నడుమ స్ప్రింగు గది ఉంటుంది. అందులో చేరిన గాలి బయటికి పోవడానికి గొట్టానికి సన్నటి బెజ్జం ఉండాలి. నా గొట్టానికి అది లేదు, అందుకే ఒత్తిడి మారిపోతోంది.

శుక్రవారం పోస్టాఫీసుకు సెలవు పెట్టి, గాలంతా వదిలేసిన గొట్టాన్ని తువ్వాల్లో చుట్టుకుని, చేతి పంపు సంచిలో వేసుకుని, అనంతపురంలో ఏడూ పదికి పుట్టపర్తి బస్సెక్కాను. రాప్తాడులో ఒక ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమ్మా, నాదస్వరమా?"

"కాదు తాతా, తుపాకీ గొట్టం."

ఆయన లేచి వెనక సీటుకు వెళ్లిపోయాడు. ధర్మవరం దాటాక మళ్లీ వచ్చాడు. "మా శెనక్కాయ చేలో పందులు పడతాండాయి. కొడతాదా?"

"ఇది కాగితాన్ని మాత్రమే కొడుతుంది తాతా."

"కాగితం ఏం పాపం చేసింది?"

తొమ్మిదిన్నరకు కొత్తచెరువులో దిగి, ఉగ్గాని, బజ్జీ తిని, మస్తానన్న లేత్ షెడ్డుకు వెళ్లాను. బోరు మోటార్లు బాగుచేసే అరవై ఏళ్ల మనిషి. కరెంటు రెండింటికి గానీ రాదన్నాడు. మొదట గొట్టం విప్పి, లోపల గాలి లేదని తనే చూసుకున్నాడు.

బెజ్జం ఎక్కడ వేయాలో అంచు నుంచి కొలిచి నేను ఇంట్లోనే గుర్తు పెట్టుకున్నాను. ఆయన రెగ్యులేటరును లోపలికి తోసి, మూత బిగించి, మళ్లీ కొలిచాడు.

"మూత బిగిస్తే ఇది ఇంకా లోపలికి పోతాదమ్మా. నీ గుర్తు కాడ రింగు ఉండాది. ఆడ బెజ్జమేస్తే రింగు చినిగి గాలంతా ఒక్కసారే బయటికి తంతాది."

కాల్చేటప్పుడు గొట్టం కింద ఉండేది నా ఎడమ చెయ్యి.

మస్తానన్న రెండు రింగులకు సరిగ్గా నడుమ కొత్త గుర్తు పెట్టి, "ఏ పక్కకు?" అన్నాడు. నేరుగా కిందికి పెడితే తుపాకీ చెక్క దాన్ని మూసేస్తుంది. పైకి పెడితే గాలి నా ముఖం వైపు వస్తుంది.

"ఎట్ల నిలబడతావో చూపీ."

చీపురును తుపాకీలా పట్టుకుని నిలబడ్డాను. టీ ఇవ్వడానికి వచ్చినాయన గ్లాసులతో సహా చేతులెత్తేశాడు. షెడ్డంతా నవ్వులు. మస్తానన్న మాత్రం నవ్వలేదు.

"పక్కన ఎవురు నిలబడతారు?"

పోటీలో నా కుడివైపు ఇంకొకరు ఉంటారన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. చివరికి కుడివైపే, నా చేతికి ముందు, గాలి ఎవరికీ తగలకుండా నేలవైపు ఏటవాలుగా పోయే చోటు తేల్చాం.

పదిహేను రూపాయలకు రాగిసంగటి, ఊరుబిండి తిని వచ్చేసరికి కరెంటు వచ్చింది. బెజ్జం వేయడం నిమిషం పని. దాని లోపలి అంచు నున్నగా చేయడానికి అరగంట. పుల్లకు దూది చుట్టి గొట్టంలో తిప్పాడు. ఒక పోగు చిక్కుకుంది. మళ్లీ రుద్దాడు. "దూది చిక్కితే రింగు తెగినట్లే." మూడోసారి దూది శుభ్రంగా బయటికొచ్చింది.

రెగ్యులేటరు బిగించి, గొట్టాన్ని ఇసుక మూటల వెనక పెట్టి, పంపు కొట్టాం. బెజ్జం మీద సబ్బు నీళ్లు పోస్తే ఒక్క బుడగ కూడా రాలేదు, అంటే రింగులు గాలిని ఆపుతున్నాయి. గంటసేపు చూశాం. గొట్టానికున్న గాలి మీటరు ముల్లు కదల్లేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

గాలి వదిలేసి, గొట్టం చుట్టుకుని, ఆటోలో పుట్టపర్తి స్టేషనుకు వెళ్లి సాయంత్రం ప్యాసింజరు ఎక్కాను. ఎదుటి సీటులోని ఆమె ఉడకబెట్టిన శెనక్కాయలు నా దోసిట్లో పోసి, ఏం పని మీద వచ్చావని అడిగింది.

"ఒక చిన్న బెజ్జం వేయించుకున్నానక్కా."

"దినమంతానా?"

"దినమంతా."

ఆమె ఇంకో గుప్పెడు కాయలు పోసింది. "అట్లయితే బాగా వేసుంటాడు."

ఈ ప్రయాణం గురించి అంతకంటే చక్కగా నేను చెప్పలేను.