ఆకుపచ్చ కోటు పై బొత్తాం

అంత పెద్ద షూటింగ్ భవనంలో కెమెరా గానీ మైకు గానీ లేని గది ఒక్కటే. మెట్ల కింద, ఇస్త్రీ ఆవిరితో ఎప్పుడూ వెచ్చగా ఉండే బట్టల గది. దాన్ని ఏలే మనిషిని అందరూ బొత్తాలక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినిపించదు. యాభై మూడేళ్లు. పెదాల మధ్య గుండుసూదులు, మెడలో కొలత టేపు, ముక్కు చివర కళ్లద్దాలు. పాతికేళ్లు నాటకాల కంపెనీలకు కుట్టి కుట్టి, చివరికి ఈ టీవీ కార్యక్రమంలో కుదురుకుంది. డబ్బున్న ఆడవాళ్లు ఆరుగురు ఒకరినొకరు విందులకు పిలుచుకోవడం, అక్కడ అలగడం, తర్వాత కావలించుకుని ఏడవడం, అదీ కార్యక్రమం. జనం పనులు మానుకుని చూస్తారు.

ఇందులో వింతేమీ లేదు. పాతకాలపు కొలువుల గురించి రాసిన పుస్తకాలు తిరగేస్తే, ఏ రాణికి ఏ రాణితో పడదో పేజీలకు పేజీలు ఉంటుంది. ఆ రాణుల దుస్తులు బిగించిన దాసి సంగతి ఎక్కడైనా ఒక్క ముక్క కనబడితే గొప్ప. కానీ ఎవరు ఏడ్చి కళ్లు వాచి వచ్చారో, ఎవరు బెంగతో నడుము దగ్గర రెండంగుళాలు తగ్గారో మొట్టమొదట తెలిసేది దాసికే. బొత్తాలక్కకూ అంతే. తెలిసినదంతా కడుపులో దాచుకోవడం ఆమెకు చేతనైన విద్య. అదీ గాక, చూసింది విన్నది బయటికి పొక్కనివ్వనని కాగితం మీద సంతకం పెట్టింది. కిందటేడు ఒక్క మాట జారినందుకు లైట్లు చూసే మనిషిని మర్నాటికల్లా ఇంటికి పంపేశారు. ఆ వెచ్చటి గది, ఆ నిలువుటద్దం, రంగురంగుల దారపు ఉండలు, వీటిని వదులుకోవాలంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఆరుగురిలో హోటళ్లావిడ, పూలావిడ ఇరవై రెండేళ్ల స్నేహితులు. ఒకావిడకు ఏడు హోటళ్లు, ఇంకొకావిడకు ఓడల్లో పంపేంత పూల వ్యాపారం. మొదటి రెండు సీజన్లలో ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేసేవారు. మూడో సీజన్ ఏడో ఎపిసోడ్‌లో తగువు రగిలింది. హోటళ్లావిడ ఇచ్చిన విందు మధ్యలోనే పూలావిడ లేచి వెళ్లిపోయింది. వెంటనే తెర మీద హోటళ్లావిడ ఒక్కతే సోఫాలో కూర్చుని, "ఆ మనిషి మొహం నాకు చూపించకండి. అవసరం తీరాక నన్ను నట్టేట్లో వదిలేసిన రకం" అంది.

బొత్తాలక్క ఇంట్లో ఆ రోజే రెండు పార్టీలయ్యాయి. ఆమె భర్త బస్సు నడిపి రిటైరైనవాడు, పూలావిడ పక్షం. పక్క వీధిలో ఉండే ఆడపడుచు హోటళ్లావిడ పక్షం.

"తలనొప్పని చెప్పి వెళ్లింది. అంతమాత్రానికి అన్ని మాటలా?" అన్నాడు భర్త.

"నీకు తలనొప్పులంటే జాలెక్కువలే అన్నయ్యా! విందుకి పిలిచిన మనిషికి చిన్నతనం కాదూ? ఏం వదినా, నువ్వు చెప్పు. నువ్వక్కడే ఉంటావుగా."

"నేను అంచులు చూస్తానమ్మా, మొహాలు చూడను" అంది బొత్తాలక్క.

కానీ ఆ సాయంత్రం ఆమె చూసింది మొహమూ కాదు, అంచూ కాదు, బొత్తాం.

సోఫాలో ఒంటరిగా మాట్లాడే ఆ ముక్కల్ని నాలుగు నెలల పాటు తీస్తారు. హోటళ్లావిడకైతే ప్రతిసారీ అదే ఆకుపచ్చ కోటు, అదే జడ, అవే చెవి రింగులు. ఏ నెల మాటను ఏ నెలలో అతికించినా చూసేవాళ్లకు అతుకు తెలియకూడదు. ఆ అతుకు కాపలా బొత్తాలక్కది. విందు మర్నాడు పొద్దున ఆ కోటుకు అన్నిటికన్నా పైనున్న బొత్తాం ఊడింది. కెమెరా సిద్ధంగా ఉంది, అందరూ గడియారాలు చూస్తున్నారు. మనిషి ఒంటి మీదే గబగబా కుట్టేసింది. నాలుగు చిల్లుల పెద్ద బొత్తాం. మిగతావన్నీ రెండు నిలువు గీతలుగా కుట్టి ఉంటే, నాటకాల రోజుల చేతి అలవాటు కొద్దీ దీన్ని ఇంటూ గుర్తులా కుట్టింది. ఆమె వృత్తిలో ఇంతకు మించిన తప్పు లేదు. వారం తర్వాత గాని తనకే తెలియలేదు. విప్పి కుడితే ఇంకో తేడా వస్తుందని నోరు మూసుకుంది.

ఇప్పుడు టీవీలో హోటళ్లావిడ గొంతు కింద బొత్తాం మీద రెండు నిలువు గీతలు. అంటే ఆ మాట విందుకు ముందు అన్నది. ఎవరి గురించో కూడా బొత్తాలక్కకు గుర్తే. ఇల్లు సగం అలంకరించి పరారైన ఒకావిడ గురించి.

సీజన్ చివర అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టే రోజు వచ్చింది. పూలావిడ కొత్త గౌను అంచు మడిపించుకోవడానికి స్టూలెక్కి నిలబడింది. నడుము దగ్గర మళ్లీ వదులు.

"ఇవాళ అందరి ముందే తెగదెంపులు, అక్కా" అంది, అద్దంలోకి చూస్తూ. "ఫోన్ చేసి అడిగాను. అన్నాను గానీ నీ గురించి కాదే అంటుంది. విందు తర్వాత ఇంకెవరి గురించి అంటుంది? ఇరవై రెండేళ్లు బూడిదలో పోసిన పన్నీరు."

బొత్తాలక్క నోట్లో ఆరు సూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి అంచుకు గుచ్చింది. అన్నీ అయిపోయాక మౌనంగా ఉండడానికి సాకు లేకపోయింది.

"మేడమ్, నేనో తప్పు చేశాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పి మనసు తేలిక చేసుకుంటాను."

"నువ్వా? తప్పా?"

"ఆ మేడమ్ గారి ఆకుపచ్చ కోటు పై బొత్తాం, విందు మర్నాడు ఊడితే ఇంటూ గుర్తులా కుట్టాను. అంతకు ముందు రెండు గీతలుండేవి. విందు తర్వాత తీసినవాటన్నిట్లో ఇంటూయే ఉంటుంది. పని తెలిసిన మనిషి చేయాల్సిన పని కాదు."

"ఇదా తప్పు? నా కొంప కూలుతుంటే నువ్వు బొత్తాం..." పూలావిడ ఆగిపోయింది. ఒక్క ఉదుటున స్టూలు దిగి ఫోన్ తీసి, ఏడో ఎపిసోడ్ పెట్టి, బొమ్మను ఆపి వేళ్లతో సాగదీసింది. బొత్తాం మీద రెండు నిలువు గీతలే ఉన్నాయి. సూదులున్న గౌనుతోనే స్టూలు మీద కూలబడింది.

"దాన్ని పిలిపించు. కోటు సరిచూడాలని చెప్పు."

హోటళ్లావిడ ముఖం గంటు పెట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే, "ఇదుందని చెబితే వచ్చేదాన్నే కాదు" అంది.

"ఒసేయ్, అది విందు ముందు అన్నదేనా?"

"మూడు వారాల నుంచి కుక్కలా మొరిగి చెబుతున్నాగా!"

"నమ్మలేదే. నా బుద్ధి గడ్డి తింది."

"గడ్డి కాదు, గులాబీలు తిని ఉంటుంది" అంది హోటళ్లావిడ. అప్పటికే ఇద్దరి కళ్లూ కారుతున్నాయి. బొత్తాలక్క ఇస్త్రీపెట్టె ఆపి, గోడవైపు తిరిగి, అవసరం లేని చొక్కా ఒకటి మడతపెట్టింది.

స్టేజీ మీద వాళ్లిద్దరూ తెగదెంపులు చేసుకోలేదు, కలిసిపోనూ లేదు. తిరిగివ్వని గొడుగు గురించి పావుగంట అద్భుతంగా పోట్లాడుకున్నారు. ప్రేక్షకులు ఈలలు వేశారు. మాటలు అతికించి ఆ తగువు రగిలించిన కార్యక్రమం పెద్ద మాత్రం నవ్వలేదు. మర్నాడు మెట్లు దిగి వచ్చాడు.

"బొత్తాలక్కా, నిన్న ఆవిడకు ఏం చెప్పావు?"

ఆమె కోటు తీసి చూపించింది. "నా తప్పు చెప్పాను బాబూ. షూటింగ్ మాట ఒక్కటీ చెప్పలేదు."

ఆయన ఆ ఇంటూ గుర్తును చూశాడు. ఇంకో ప్రశ్న అడిగితే, మాటను ఎక్కణ్ణించి ఎక్కడికి తెచ్చి అతికించాడో తనే ఒప్పుకోవాలి.

"ఇకమీదట బొత్తాం ఊడితే ముందు నాకు చెప్పు."

"అలాగే బాబూ. మరి మీరు మాట ఊడదీసి ఇంకోచోట కుట్టినప్పుడు నాకు చెబుతారా?"

ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆమెను ఇంటికి పంపమన్న మాట ఆ రోజు రాలేదు, ఆ నెలా రాలేదు.

నాలుగో సీజన్ మొదలైంది. షూటింగ్‌కు గంట ముందే ఇద్దరూ మెట్ల కింద చేరతారు. ఉన్న ఒక్క కుర్చీ ముందు వచ్చినావిడది, స్టూలు రెండో ఆవిడది. బొత్తాలక్క వాళ్ల మధ్య అంచులు మడుస్తూ తిరుగుతుంది. పని ఇంత హాయిగా ఏ నాటకాల కంపెనీలోనూ సాగలేదు.

"ఇవాళ దేని మీద పోట్లాడుకుందాం?" అంది పూలావిడ.

"నీ వంటమనిషిని నేను లాక్కున్నానని అను."

"అనేదేంటే, అది నిజమేగా!"

"నిజమా? ఆవిడే కాళ్లావేళ్లా పడి వచ్చింది!"

"పదేళ్ల నుంచి నా ఇంట్లో ఉన్న మనిషి, ఊరికే వస్తుందా?"

ఇద్దరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"పోట్లాట పైకెళ్లాక పెట్టుకోండి మేడమ్" అంది బొత్తాలక్క, సూదుల మధ్య నుంచి. "ఇక్కడ కదిలితే గుచ్చుకుంటాయి."