వాసనమిషిని

మా కాలనీలో "వాసనమిషిని" అనే మాట బాయిలోపలా నడిచేది, బయటా నడిచేది. బొగ్గుబాయిలో అయితే, పనివాళ్ల భద్రత చూసే సర్దార్ పైకప్పు దగ్గరికి ఎత్తిపట్టి గ్యాసు చూసే పనిముట్టు. బయట అయితే, షిఫ్టు దిగిన మొగుడు కల్లుదుకాణం మీదుగా వచ్చాడా లేదా అని గడపలోనే పసిగట్టే పెళ్లాం. నాకు ఆ బిరుదు పెళ్లయిన ఏడాదికే దక్కింది. గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు!

మా బావే నా పెనిమిటి. బాయిలో సర్దార్. వాసనమిషిని అన్న పేరు వింటే ఆయనకు నవ్వొచ్చేది.

"అది వాసన చూడదే పిల్లా. అది పట్టే గ్యాసుకు అసలు వాసనే ఉండది."

"మరి ఆ పేరెందుకు?"

"మనోళ్లకు ముక్కు మీదున్నంత నమ్మకం మిషిని మీద ఉంటదా?"

ఓ ముసురు రోజు మొదటి షిఫ్టు దిగి వచ్చి, అలవాటుగా తువాల నా చేతికిచ్చాడు. చెమట, బొగ్గు, మందుగుండు పొగ, అన్నీ తెలిసినవే. వాటి అడుగున ఇంకేదో ఉంది. కొంచెం తీపిగా, కొంచెం ఘాటుగా.

"బావా, కిరసనాయిలు గిట్ల ఒలికిందా?"

ఆయన ముఖం మారిపోయింది. పడిశంతో వారం రోజులుగా ఆయన ముక్కు పనిచేయడం లేదు. బొగ్గు తీసి వదిలేసిన పాత చోటుకు ఆరోజు తనిఖీకి వెళ్లింది ఆయనొక్కడే. లోపల్లోపల బొగ్గు రాజుకుంటే ముందుగా వచ్చేది ఆ వాసనేనట. దానికి మిషిని కదలదట.

"లోపల రెండో షిఫ్టోళ్లున్నరు" అని, తువాల మళ్లీ భుజాన వేసుకుని, విప్పిన బూట్లు తొడుక్కున్నాడు. అన్నం కంచంలోనే ఉండిపోయింది.

ఊరుకుంటే పోయేది కదా అని నా నోటిని నేనే తిట్టుకున్నాను. లోపలున్న వాళ్లూ ఎవరో ఒకరి మొగుళ్లేనని గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. మళ్లీ తిట్టుకున్నాను.

సాయంత్రానికి పెరళ్లలో బొగ్గుపొయ్యిలు రాజేశారు. ముసురుకు పొగ పైకి పోలేక వీధి మీదే పరుచుకుంది. ఎదురింటి గోడ కరిగిపోయింది, దీపాలు నీళ్లలో ఉన్నట్టు కదిలాయి. పొగలోంచి ఒక్కో మనిషి వచ్చేవాడు. దూరానికి ప్రతివాడూ మా బావే. దగ్గరికి రాగానే ఇంకెవరో అయిపోయేవాడు. కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరిగాను. పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుని, "ఫికర్ చెయ్యకు చెల్లె, వస్తడు" అంది. ఆ మాటకే ఏడుపు ఆగలేదు.

ఎప్పటికో పొగలోంచి ఒకడు వచ్చి, దగ్గరికొచ్చినా ఇంకెవరూ కాకుండా నిలబడ్డాడు.

"దొరికింది. ఇంకా మంట లేవలే. అందరిని బయటికి తోలినం, గాలి తగలకుండ అడ్డంగ గోడ కడుతున్నరు" అంటూ తువాల చాపాడు. "ఇగ చూడు."

ముఖానికి అదుముకున్నాను. ఏమీ లేదు. కిరసనాయిలు లేదు, చెమట లేదు, బొగ్గు లేదు. ఆయన వాసనే లేదు. వచ్చింది బతికున్న మనిషేనా అనిపించింది. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయిందని ఆ క్షణాన నాకు తోచనే లేదు.

తువాల వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉంది.