శనివారం మధ్యాహ్నాల పాఠం

మొన్న కాడుగోడి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు, పక్క బెంచీ మీద ఒక పెద్దాయన "మనం ఎక్కడికి పోతున్నాం?" అని తన కూతురిని అడుగుతూనే ఉన్నారు. నాలుగోసారికి ఆ అమ్మాయి "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా!" అని కసిరింది. ఆయన చేతులు ఒళ్ళో ముడుచుకున్నారు. ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. పాతికేళ్ళ కిందట, యలహంకలోని మా ఇంట్లో, అచ్చం అదే గొంతుతో కసిరినదాన్ని నేనే.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేనప్పటికే ఒక నర్సింగ్ కళాశాలలో మానసిక రోగుల సేవ గురించి పాఠాలు చెబుతున్నాను. ఆ రోజుల్లో చదువు చెప్పినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డిమెన్షియా అన్న మతిమరుపు జబ్బుకు సిలబస్‌లో ఉన్నది ఒక్క పీరియడు; కారణాలు, లక్షణాలు, మందులు బోర్డు మీద రాసి, పిల్లలు పుస్తకాల్లోకి ఎక్కించుకోగానే అయిపోయేది. ఆ పాఠం బాగా చెబుతానని నాకు పేరు కూడా. అదే జబ్బు మా అత్తగారికి వచ్చాక, నాకేమీ తెలియదని తేలిపోయింది.

అత్తగారు నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసిన మనిషి. మగ్గం అమ్మేసి చాలాకాలమైనా, పొద్దున లేవగానే గుమ్మం వైపు నడుస్తూ "చీర సగంలో ఉండాది, నన్ను ఇడవండప్పా" అని బతిమాలేవారు. మగ్గం లేదత్తయ్యా, అమ్మేశామని నేను కసురుతూ నిజం చెప్పేదాన్ని. ఆ నిజం ప్రతి ఉదయం ఆవిడకు కొత్తే, ప్రతి ఉదయం కొత్తగా ఏడుపే. స్నానానికి రమ్మంటే ఒకసారి చెంబు విసిరికొట్టారు. ఇలా ఉండగా ఒకరోజు మా ఆడపడుచు వచ్చి ఇదంతా చూసి, నన్ను ఒక్క మాటా అనకుండా, తల్లి పక్కన కూర్చుని "ఏం రంగు చీరమ్మా అది?" అని అడిగింది. అంచు గురించి, బుటాల గురించి గంటసేపు చెప్పి, అత్తగారు తనంతట తానే స్నానానికి నీళ్ళు తోడమన్నారు. వంటింట్లో నిలబడి వింటున్న నాకు సిగ్గు వేసింది. ఈ పాఠం నా విద్యార్థులకు చెప్పి తీరాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

అదనపు పీరియడ్లు అడిగితే, పరీక్షలో రెండు మార్కులకు మించి రాని విషయానికి ఒకటి చాలన్నారు ప్రిన్సిపాల్‌గారు. మళ్ళీ అడిగాను. మరుసటి ఏడాదీ అడిగాను. చివరికి విసిగి, ఇష్టపడినవాళ్ళను శనివారం మధ్యాహ్నాలు ఎక్కడికైనా తీసుకెళ్ళమన్నారు. మా ఇంటికే తీసుకొస్తానంటే మావారు ఒప్పుకోలేదు. "మా అమ్మేమన్నా చూపించే బొమ్మా?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. రెండు రోజులు ఆలోచించి, అత్తగారినే అడిగాను, ఆడపిల్లలు కొందరు వస్తామంటున్నారు, రమ్మనమంటారా అని.

"రానీప్పా. పోగు తెగితే ముడేసేది నేర్పిస్తా," అన్నారావిడ. అది విని మావారూ సరేనన్నారు. నేను వెళ్ళి పట్టునూలు కొనుక్కొచ్చాను.

మొదటి శనివారం ఆరుగురు వచ్చారు. వాళ్ళలో బొమ్మనహళ్ళి నుంచి వచ్చే అమ్మాయి క్లాసులో అందరికన్నా చురుకైనది, నేను నేర్పినట్టే నోటుబుక్కు తెరిచి, "అవ్వా, ఈ దినం ఏ వారం?" అని అడిగింది. అత్తగారి ముఖం మాడిపోయింది. "నన్ను పరీక్ష చేసేకి వచ్చినావా?" అంటూ లేచి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. మావారు నా వైపు చూసిన చూపుకు, ఇక్కడితో ఆపేద్దామా అనిపించింది. ఆ అమ్మాయి మాత్రం నోటుబుక్కు మూసేసి, నూలు చేతిలోకి తీసుకుని, ఆ తలుపు ముందు నేలమీద కూర్చుంది. చాలాసేపటికి, "అవ్వా, ముడి నిలవలేదు. జారిపోతా ఉండాది," అంది.

తలుపు తెరుచుకుంది. "అట్ల కాదు, కొసలు తడి చేసుకో," అని కోప్పడుతూనే అత్తగారు సాయంత్రం దాకా ఆ పిల్ల వేళ్ళు సరిచేస్తూ కూర్చున్నారు. ఆ రోజు నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

ఆ శనివారాలు నాలుగేళ్ళు సాగాయి. అత్తగారికి మాటలు తగ్గిపోయాక పిల్లలు ఊరికే చేయి పట్టుకుని కూర్చునేవారు, అదీ పాఠమే అయింది. ఆవిడ పోయిన ఏడాది నేను ఈసారి సిలబస్ కమిటీకే అర్జీ పెట్టాను. అప్పటికి ఉద్యోగాల్లో ఉన్న ఆ మొదటి ఆరుగురూ తమ వార్డుల్లో ఏం చేస్తున్నారో రాసి దానికి జతచేశారు. రెండువేల దశకం సగంలో పడేసరికి ఆ విషయానికి పన్నెండు పీరియడ్లు, ఒక ప్రాక్టికల్ పరీక్ష వచ్చాయి. ప్రిన్సిపాల్‌గారు ఆ ఉత్తర్వు నా బల్ల మీద పెట్టి, "మీరు మహా మొండివారమ్మా," అన్నారు. నా ఉద్యోగంలో అంతకన్నా పెద్ద మెప్పు నాకు రాలేదు.

ఇప్పుడు దానికి అధ్యాయాలున్నాయి, వీడియోలున్నాయి, వేరే కోర్సులే ఉన్నాయి. సంతోషమే. అయితే ఈమధ్య చూడడానికి వెళ్ళిన ఒక కళాశాలలో, ముసలివాళ్ళుగా నటించే తోటి విద్యార్థులతో మాట్లాడి పిల్లలు మార్కులు తెచ్చుకుంటున్నారు. మా పెద్దావిడ దగ్గర కూర్చోండమ్మా అని ఇంటికి పిలిచేవాళ్ళు దొరకడం లేదట. దొరికినా, ఈ ట్రాఫిక్‌లో రానూపోనూ రోజంతా పోతుందట. వాళ్ళను తప్పుపట్టలేను. పీరియడ్లు కావాలని పోట్లాడడానికి నాకు ఎదురుగా ఒక ప్రిన్సిపాల్‌గారు ఉండేవారు. తీరికైన మధ్యాహ్నాలు కావాలని ఈ పిల్లలు ఎవరితో పోట్లాడాలో నాకు తెలియడం లేదు.