నీళ్ల ట్యాంకుకు అటూ ఇటూ

పొగ తాగడం ఆరోగ్యం కంటే మర్యాదకు సంబంధించిన విషయంగా ఉన్న కాలం ఒకటుండేది. ఒంటికి మంచిది కాదని పెట్టెల మీద అప్పటికే రాసి ఉండేది గానీ, పెట్టె కొన్నవాళ్లు దాన్ని చదివేవాళ్లు కాదు. మాకు తెలిసిన నియమం ఒక్కటే, పెద్దల ముందు తాగకూడదు. ఇద్దరు పిల్లల తండ్రి ఒకడు, వీధి మలుపులో పెదనాన్న కనబడగానే కాలుతున్న సిగరెట్టును అరచేతిలో దాచుకుని, చెయ్యి చురుక్కుమంటున్నా నవ్వుతూ కుశలమడగడం నేను చిన్నప్పుడు చూశాను. పెదనాన్నకు అంతా తెలుసు. తెలిసే, ఈ ఏడు వానలు ఎలా ఉంటాయంటావురా అని మాట పొడిగించేవాడు. (మా వంశంలో హాస్యం ఎప్పుడూ పెద్దవాళ్ల సొత్తే.) ఆ మర్యాద ఇప్పుడు పోయింది. పోయినందుకు నాకు పెద్దగా బాధ లేదు. కానీ దాని పుణ్యాన నాకు పెళ్లయింది కాబట్టి, ఎవరో ఒకరు దాని గురించి నాలుగు మంచి మాటలు రాయాలి.

మాది పొగాకు పండే ప్రాంతం. ఆకు కాల్చే రోజుల్లో ఊరు ఊరంతా ఒకే వాసన వేసేది. అయినా నా మొదటి సిగార్‌ నాకు బెంగళూరులోనే దొరికింది. తొంభైల చివర్లో ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. మా జట్టులో ఒక సీనియర్ ఉండేవాడు, ఏడాదిలో సగం విదేశాల్లో గడిపేవాడు కాబట్టి అందరం ఆన్‌సైట్ అన్న అనేవాళ్లం. ఒకసారి తిరిగొచ్చి అందరికీ చాక్లెట్లు పంచి, నాకు మాత్రం ఒక సిగార్ ఇచ్చాడు. మీ ఊరి పంటే కదా, నీకే తెలియాలి దీని విలువ అన్నాడు. నాకేమీ తెలియదని చెప్పుకోవడం నామోషీ అనిపించి, ఆఫీసు వెనక గోడ దగ్గర నిలబడి సిగరెట్టు తాగినట్టే గుండెల నిండా లాగాను. తర్వాత కంపెనీ బస్సెక్కాను. బస్సు మడివాళ చేరేలోపల నాకు నా బాల్యమంతా కళ్లముందు తిరిగింది. కిటికీ పక్కన కూర్చున్నతను నాకు చోటిచ్చాడు. మంచివాడు, ఎందుకని అడగలేదు.

మర్నాడు ఆన్‌సైట్ అన్న నవ్వి, పొగ మింగకూడదురా, నోట్లో ఉంచుకుని వదిలెయ్యాలి అని చెప్పాడు. అలా చేసి చూస్తే అది వేరే వస్తువు. ముందు ఎండుగడ్డి రుచి, కాసేపటికి వేయించిన వేరుశనగ పప్పు, చివరికొచ్చేసరికి మిరియాల ఘాటు. ఇన్నేళ్లు పొగాకు మధ్య పెరిగి ఆ ఆకులో ఇంత ఉందని తెలియలేదే అనుకున్నాను. ఆ తర్వాత ఎవరు విదేశం వెళ్లినా నాకు చాక్లెట్లు వద్దు, ఒక సిగార్ తెమ్మనేవాణ్ని. రకరకాలు వచ్చేవి. పొట్టిగా లావుగా నల్లగా ఉన్నదొకటి బెల్లం పాకం మాడిన వాసన వేసేది. సన్నటిదొకటి మొదటినుంచి చివరిదాకా చేదు, కాకరకాయకు నిప్పు పెట్టినట్టు. ఒకటి పాత పుస్తకాల బీరువా తెరిచినట్టుండేది. దాన్ని నేను చదివే పుస్తకాలతో సమానంగా గౌరవించాను. స్టీలు టిఫిన్ డబ్బాలో తడి గుడ్డ ముక్క వేసి, అందులో వాటిని దాచేవాణ్ని. ఒక వానాకాలం వాటికి బూజు పట్టింది. తుడిచి తాగాను. ఏమీ కాలేదు గానీ పుట్టగొడుగుల కూర తిన్నట్టుంది. సిగార్‌లో చివరి మూడో వంతే అసలు సారం, మొదటి రెండు వంతులూ దానికోసం ఓపిక పట్టడమే అని కొత్తగా చేరినవాళ్లకు బోధించేవాణ్ని. వాళ్లు పాపం వినేవాళ్లు. మధ్యాహ్నం నిద్ర రాకుండా ఉండడానికి వాళ్లకూ ఏదో ఒకటి కావాలి.

నేను అద్దెకుండే ఇల్లు సర్జాపుర రోడ్డుకు దగ్గర్లో కొత్తగా వేసిన లేఔట్‌లో. చుట్టూ ఖాళీ స్థలాలు. ఇంటివాళ్లు తరతరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లు. ఆయన పాత బెంగళూరు పేటలో పట్టుచీరల అంగడి నడిపి, అది తమ్ముడికి అప్పగించి, ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో ఆయన, ఆవిడ, బ్యాంకులో పనిచేసే కూతురు. మేడ మీద ఒక్క గది నాది. ఇల్లు ఇచ్చేటప్పుడు షరతులన్నీ ఆవిడే చెప్పింది. ఆయన పక్కన నిలబడి ఒక్కో షరతుకూ తలూపాడు. ముఖ్యమైన షరతు పొగ. ఆవిడ తండ్రి దగ్గి దగ్గి పోయాడట. ఇంట్లో పొగ వాసన వస్తే ఆ రోజే ఖాళీ చెయ్యాలి అంది. ఇంట్లో తాగనండీ అన్నాను. ఇంట్లో అన్న మాటను నేను కొంచెం గట్టిగా పలికిన సంగతి ఆవిడ గమనించిందో లేదో తెలియదు.

ఆ ఇంటికి మిద్దె ఉంది. మిద్దె మధ్యలో ఇటుకల దిమ్మ మీద మనిషెత్తుకు మించిన సిమెంటు నీళ్ల ట్యాంకు. సాయంత్రం బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, ఒక సిగార్ జేబులో వేసుకుని మొదటిసారి పైకి వెళ్లిన రోజు, ట్యాంకు వెనక నుంచి పొగ లేస్తూ కనిపించింది. మోటారు కాలిపోతోందనుకుని పరుగెత్తబోయాను. అటుపక్క నుంచి ఒక దగ్గు, వెంటనే ఇంటాయన గొంతు వినిపించాయి.

“ఎవురప్పా అది? ఈ పక్క రావద్దు. నీళ్లు కారి పాచి పట్టిండాది, జారి పడతావు.”

నీళ్లు లేవు, పాచి లేదు. ఆ వారమంతా మా వీధికి నీళ్లే రాలేదు. గాలికి నాటు చుట్ట వాసన వచ్చింది. నాకు విషయం అర్థమైంది. నేను పడమటి పక్కకు వెళ్లి, ట్యాంకుకు వీపు ఆనించి కూర్చున్నాను. కాసేపు ఆగి అగ్గిపుల్ల గీశాను. ఆ చప్పుడు విని, దోమలు శానా ఉండాయి గదప్పా, పొగ మంచిదే అన్నాడు. ఔనండీ అన్నాను. ఒప్పందం కుదిరిపోయింది.

అప్పట్నుంచి దాదాపు ప్రతి సాయంత్రం ఆయన తూర్పున, నేను పడమట. ఎవరు పైకొచ్చినా మెట్ల దగ్గర ఒకసారి దగ్గాలి. ఎవరూ ట్యాంకు చుట్టూ తిరగకూడదు. ఒకరినొకరు చూడనంతవరకు నేను ఆయనను అగౌరవపరచలేదు, ఆయన భార్యకిచ్చిన మాట తప్పినట్టు సాక్ష్యమూ లేదు. (మానేసి చాలా ఏళ్లయిందని ఆయన ఇంట్లో చెప్పుకున్న కథ.) సిమెంటుకు అటూ ఇటూ కూర్చుని పేట ముచ్చట్లు, మగ్గాల ముచ్చట్లు, నా ఆఫీసు గోల మాట్లాడుకునేవాళ్లం. అప్పుడప్పుడు నేను ట్యాంకు మూల దిమ్మ మీద ఒక సిగార్ పెట్టి, ఇక్కడెవరో ఏదో మరిచిపోయినట్టున్నారండీ అనేవాణ్ని. ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసుకునేది. మర్నాడు తీర్పు వినిపించేది. కాకరకాయ లాంటి దాన్ని శానా బాగుండాది అన్నాడు. నేను గౌరవించిన పాత పుస్తకాల బీరువాను మాత్రం సుమ్మనే ఉండాదప్పా, ఉత్త పొగ, ఘాటే లేదు అన్నాడు. ఆయన దిమ్మ మీద ‘మరిచిపోయిన’ నాటు చుట్టను నేనూ తాగాను. దాని రుచి గురించి రాసేందుకు ఏమీ లేదు. అది రుచి కాదు, సంఘటన.

ఈలోగా కూతురితో నాకు పరిచయం ఏర్పడింది. మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చేది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్నాం. ఏడాది దాటాక ఒక ఆదివారం ధైర్యం చేసి అడిగాను. ఆమె తాడు మీది దుప్పటి మడత పెడుతూ, నాకు సరే, మా నాన్నను మీరడగండి, అమ్మను మా నాన్న అడగాలి, ఈ ఇంట్లో అర్జీలు అట్లే పోతాయి అంది.

అక్కణ్నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఆయన కాదంటే అమ్మాయి పోతుంది, ఇల్లు పోతుంది, సాయంత్రాలు కూడా పోతాయి. రోజూ ట్యాంకు మూలకు కొంచెం ఎడంగా నిలబడి నోరు విప్పకుండా అభ్యాసం చేసేవాణ్ని. చేతులు జోడించడం, తల వంచడం, అర్థించినట్టు చెయ్యి చాపడం, అది మరీ నాటకంలా ఉందని విరమించుకుని మళ్లీ జోడించడం. సిగార్ ఆరిపోయేది. సాయంత్రపు ఎండ నన్ను తీసుకుపోయి తూర్పు పిట్టగోడ మీద పెడుతోందని నాకు తట్టలేదు. చివరికి ఆయనే అడిగాడు.

“ఏమప్పా, నాలుగు దినాలుగా నీ నీడ గోడ మీద దండాలు పెడతా ఉండాది. ఎవురికి ఆ దండాలు?”

“మీకేనండీ.”

“ఏం కావల్ల?”

అభ్యాసం చేసిన వాక్యాలన్నీ పోయాయి. మీ అమ్మాయిని చేసుకోవాలని ఉందండీ అని మాత్రం అన్నాను. అటుపక్క పొగ ఆగిపోయింది. ఆ యమ్మికి చెప్పినావా అని అడిగాడు. చెప్పానన్నాను. ఏమనింది అన్నాడు. మిమ్మల్ని అడగమన్నారు అన్నాను.

“నన్నడిగితే ఏం లాభమప్పా,” అన్నాడు. “నేను ఈ ఇంట్లో ట్యాంకు ఎనకాల ఉండేవాణ్ని.”

అయినా అడిగాడు. ఆవిడ కాదనలేదు, ఔననలేదు, పెద్దవాళ్లను రమ్మనండి అంది. మా అమ్మ, బాబాయి వచ్చారు. కాఫీలయ్యాయి. మావైపూ వాళ్లవైపూ గోత్రాలు, వంటలు, వానలు అయ్యాయి. అప్పుడు ఆవిడ, అబ్బాయికి అలవాట్లేమన్నా ఉండాయా అని అడిగింది. మావాడికి చదువు తప్ప ఏ అలవాటూ లేదండీ అని బాబాయి ఉన్నపళంగా చెప్పేశాడు. ఆవిడ బాబాయిని వదిలేసి భర్త వైపు తిరిగింది. ఒకే ఇంట్లో ఉండాడు గదా, నువ్వు చెప్పు అంది. గుమ్మం దగ్గర నిలబడిన అమ్మాయి చీర కొంగు చివర చూసుకుంటోంది. ఈ పెళ్లి జరగడమా మానడమా అన్నది ఆ ఒక్క జవాబులో ఉందని ఆ గదిలో బాబాయికి తప్ప అందరికీ తెలుసు.

“ఈ కండ్లతో చూసింటే ఒట్టు,” అన్నాడాయన.

అది నిజం. ఆయన నా నీడను చూశాడు. నీడ మీద ఒట్టు వెయ్యలేదు. ఆవిడ కాసేపు ఆయన మొహం చూసి, ఇప్పుడు నువ్వు చెప్పప్పా, ఈయన సాయంత్రం పూట మిద్దె మీద ఏం చేస్తాడు అని నన్నడిగింది. నేనెప్పుడూ చూడలేదండీ అన్నాను. ఇంత నిజాయితీగా నేను మళ్లీ ఎక్కడా మాట్లాడలేదు.

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“మీరిద్దురూ చూసుకోలేదు, సరే. నాకు ముక్కుండాది,” అంది. “సోమవారం ఆరేసిన దుప్పటికి మాడిన బెల్లం వాసన. బేస్తవారం చున్నీకి కాఫీపొడి వాసన. ఆ రెండూ నీవి. తువాలకి ఎప్పుడూ ఒకటే వాసన, గడ్డివామి కాలినట్ల. అది ఈయనది. ఏండ్లుగా అదే.”

మా బాబాయి పరిస్థితి చక్కబెట్టే ఉద్దేశంతో దోమల సంగతి ఎత్తబోయాడు, అమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. నేను లేచి వెళ్లిపోవాలా, క్షమించమనాలా అని ఆలోచిస్తున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. మా నాయన పోయేముందర వారం ఊపిరి కోసం కొట్టుకున్నాడప్పా, మీ ఇద్దురినీ అట్ల చూడలేను అంది. ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. ఆవిడే మళ్లీ అంది:

“మానేయమంటే మానేసినామంటారు, మళ్లా ట్యాంకు ఎనకాలకి పోతారు. అబద్ధం నాకొద్దు. ఆదివారం ఒకటి. ఇద్దురికీ కలిపి ఒకటి. నేనే ఇస్తా.”

అలా నాకు పెళ్లి కుదిరింది.

ఆవిడ మాట అంటే మాటే. పెళ్లయ్యాక నా టిఫిన్ డబ్బా వంటింటి అలమారలోకి మారింది. ఆదివారం సాయంత్రం అత్త అందులోంచి ఒకటి తీసి, వక్కలు కత్తిరించే అడకత్తెరతో సరిగ్గా మధ్యకు తెగ్గొట్టేది. (విదేశాల్లో సిగార్ కత్తిరించే పనిముట్లకు ఖరీదైన దుకాణాలుంటాయని ఆన్‌సైట్ అన్న చెప్పేవాడు. అడకత్తెరంత నున్నగా తెగడం నేనెక్కడా చూడలేదు.) నోట్లో పెట్టుకునే తల ఉన్న సగం పెద్దవాళ్లకు, నిప్పంటించే తోక ఉన్న సగం అల్లుడికి. ఇంతా బయటపడ్డాక ఒకచోట కూర్చుని తాగొచ్చు కదా అని నా భార్య నవ్వేది. మామా నేనూ ఆ మాట విననట్టే ఊరుకునేవాళ్లం. అత్తకు తెలియడం వేరు, మామ ముందు తాగడం వేరు. మెట్ల దగ్గర దగ్గి, ఆయన తూర్పుకు, నేను పడమటికి. చుట్టూ ఖాళీ స్థలాల్లో అపార్టుమెంట్లు లేచాయి. సాయంత్రపు ఎండ మిద్దె మీదికి రావడం తగ్గింది. మా అమ్మాయి పుట్టింది, ట్యాంకు చుట్టూ తిరిగే హక్కు ఆ ఇంట్లో దానికొక్కదానికే ఉండేది. అటుపోయి తాత ఏం చేస్తున్నాడో చూసొచ్చి నాకు చెప్పేది. నేను విననట్టు ఉండేవాణ్ని.

మా పెళ్లయి పదేళ్లు నిండేలోపు మామ పోయారు. గుండె, నిద్రలో. ఊపిరి కోసం కొట్టుకోలేదు. అత్త అందరికీ ఆ ఒక్క మాటే చెప్పుకుంది. కర్మకాండలన్నీ అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఆవిడ అడకత్తెర ముట్టుకోలేదు. సాయంత్రం డబ్బాలోంచి ఒకటి తీసి, అలాగే, కత్తిరించకుండా నా చేతిలో పెట్టింది.

పైకి వెళ్లాను. అలవాటు కొద్దీ మెట్ల దగ్గర దగ్గి, పడమటి పక్క కూర్చుని వెలిగించాను. మంచి సిగారే. మొదట గడ్డి, ఆ తర్వాత కాఫీ. ఇన్నేళ్ల తర్వాత మొత్తం ఒకటి నాకే దొరికింది, ఎవరితో పంచుకోనక్కర్లేదు. అటుపక్క నుంచి మాట రాదని తెలిసినా చెవి అటే ఉంది. సరిగ్గా సగం దగ్గరికి వచ్చేసరికి ఇంక చాలనిపించింది. బలవంతంగా ఇంకో రెండు దమ్ములు లాగాను, నోరు ఒప్పుకోలేదు. ఇన్నేళ్లలో నాకు తెలియకుండానే నేను సగం సిగార్ మనిషినైపోయాను.

చివరి మూడో వంతే అసలు సారమని బోధించిన ఆ కుర్రవాడు ఇప్పుడు నన్ను చూస్తే ఎంత బాధపడేవాడో అనుకుంటే నవ్వొచ్చింది. మంచి భాగం అలాగే ఉండగా ఆర్పేస్తున్నారేమండీ అనేవాడు. వాడు చెప్పింది తప్పని నేననను. కానీ వాడికింకా పెళ్లి కాలేదు. కింద వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, మా అమ్మాయి ఏదో అడుగుతున్న గొంతు, అత్త జవాబు వినిపిస్తున్నాయి. ఆర్పేసి, చేతులు కడుక్కుని, భోజనానికి కిందికి దిగాను.