నేను తీసేసిన నాలుగు జిల్లాలు

ఆ రోజుల్లో నేను ఆఫ్రికాను బాగుచేసే పనిలో ఉండేదాన్ని. సింగపూర్ శివారు టాంపినీస్ నుంచి. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఎకనామిక్స్ పట్టా చేతికొచ్చి ఏడాది కాలేదు, సింగపూర్‌లో ఒక పరిశోధన సంస్థలో పదకొండు నెలల ఒప్పందం మీద ఉద్యోగం. ఆ వయసులో దేవుడు మనల్ని ఎందుకు పుట్టించాడో మనకు చాలా స్పష్టంగా తెలిసి ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ స్పష్టత తగ్గి, ఆయన మీద ఆధారపడడం ఎక్కువవుతుంది. (నా సంగతి చెబుతున్నాను. మీ సంగతి మీకే తెలియాలి.)

పని ఏమిటంటే, ఆఫ్రికాలో ఒక దేశం ఉంది (పేరు చెప్పను, అక్కడి పాలకులకు తెలుగు రాదు గానీ, ఎందుకొచ్చిన గొడవ). అందులో ముప్పై ఒక్క జిల్లాలు. ప్రభుత్వం రైతులకు చౌకగా ఎరువు లారీల్లో పంపింది. దానివల్ల మొక్కజొన్న దిగుబడి పెరిగిందా లేదా అన్నది నేను తేల్చాలి. ఆ దేశాన్ని నేను చూసింది లేదు. ఒక్కో జిల్లాలో ఏ నెలలో ఎంత వాన పడుతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. రోజూ పొద్దున రైలు అద్దానికి నుదురు ఆనించి కూచుంటే, బయట ఫ్లాట్ల వరసలు, కిటికీల్లోంచి వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు కదిలిపోతూ ఉండేవి. కాసేపటికి అవన్నీ మొక్కజొన్న చేలైపోయేవి. గట్ల మీద ఆడవాళ్ళు నాకు చేతులూపేవారు. నేను తెల్లటి బట్టల్లో నడిచి వెళ్తుండేదాన్ని, ఎందుకో మరి. (ఎండకు మంచిదని కాబోలు.) ఒకరోజు ఆ చేలల్లోనే నడుస్తూ నడుస్తూ దిగాల్సిన స్టేషన్ దాటి, పడమటి కొసనున్న తువాస్ దాకా పోయాను. అక్కడ హెల్మెట్లు చేతబట్టుకుని షిప్‌యార్డుకు పోయే పనివాళ్ళ మధ్య నిలబడి, నలుగురిని దారి అడిగి, నలుగురూ నాలుగు వైపులు చూపిస్తే తిరిగి తిరిగి ఆఫీసుకు గంటన్నర ఆలస్యంగా చేరాను.

మా ప్రొఫెసర్ ఆ దేశంవాడే. పొడుగ్గా, నెమ్మదిగా, మాట బయటికొచ్చేముందు లోపల ఒకసారి తూకం వేసుకున్నట్టు ఉండేవాడు. చేరిన మొదటివారంలోనే చెప్పాడు: ఏడాది చివర సెమినార్‌లో ఫలితాలు నేనే చెప్పాలి, అవి బాగుంటే ఒప్పందం పొడిగిస్తారు. బాగులేకపోతే వర్క్ పాస్ రద్దయి, నెలలోపు పెట్టె సర్దుకోవాలి.

నేను అద్దెకున్న గది ఉపవాసం ఆంటీ వాళ్ళ ఫ్లాట్‌లో. ఆ పేరు మా తెలుగు చర్చి సంఘంలో పిల్లలు పెట్టింది. ఒంగోలు వైపు మనిషి. పాతికేళ్ళుగా మధ్యాహ్నం భోజనం మానేసి, ఒంటిగంటకు వంటింటి కిటికీ దగ్గర స్టూలు వేసుకుని ఇతరుల కోసం ప్రార్థన చేస్తుంది. నేను దిగిన శనివారమే నా ప్రార్థన అవసరం ఏమిటని అడిగింది. ఆఫ్రికా అన్నాను.

"ఆఫ్రికా అంటే ఎట్టా అమ్మాయ్? ఊళ్ళ పేర్లుండవా?"

"ముప్పై ఒక్క జిల్లాలు ఆంటీ. మొత్తంగా ఆ దేశాన్ని దీవించమంటే సరిపోదా?"

"పేరు పెట్టకుండా అందరినీ దీవించు అంటే అది ప్రార్థన కాదు, సర్క్యులర్. రాయి."

రాశాను. ఆమె వాటిని తన డైరీలో తెలుగులో ఎక్కించుకుంది. ఇంగ్లీషులో మా ఆఫీసంతా తడబడే ఆ పేర్లు మన ఒత్తుల్లో ఎంత ముద్దుగా ఒదిగాయో చెప్పలేను. రాసుకున్నాక ఆంటీ కిటికీ తెరిచింది.

"ఇంతకీ ఎటువైపే?"

"పడమర ఆంటీ."

"అంటే తువాస్ వైపా?"

"తువాస్ దాటి, ఇంకొంచెం."

మా శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. వచ్చిన అంకె గాలివాటుగా వచ్చింది కాదు, నమ్మవచ్చు అనిపిస్తే దాని పక్కన నక్షత్రం గుర్తు పెడతాం. మూడు నక్షత్రాలు వస్తే ఇక తిరుగులేదు. ఈ ముక్క నేను ఆంటీతో అనడం, ఆమె ఆదివారం కూడికలో "ప్రభువా, మా అమ్మాయికి మూడు నక్షత్రాలు దయచేయి" అని గొంతెత్తి ప్రార్థించడం జరిగిపోయాయి. (బయటికొచ్చాక ఒక అంకుల్ నా చెయ్యి పట్టుకుని, పోలీసుల్లో ఎప్పుడు చేరావమ్మా అని అడిగారు.) నక్షత్రాలు వచ్చిన ఆదివారం నేను సంఘం ముందు లేచి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతానని కూడా ఆమే మాట ఇచ్చేసింది.

పది నెలలైనా ఒక్క నక్షత్రం రాలేదు. సెమినార్ అయిదు రోజుల్లోకి వచ్చింది. ఆ శనివారం ఇంట్లో కూచుని లెక్క చూస్తుంటే, నాలుగు జిల్లాలు మొండికేస్తున్నట్టు కనిపించింది. ఎరువు వచ్చినట్టు కాగితాల్లో ఉంది, పంట మాత్రం ఎక్కడిదక్కడే. గుంపుతో కలవని అంకెల్ని పక్కన పెట్టి, పెట్టామని కింద చిన్న అక్షరాల్లో రాయడం మా వృత్తిలో ఉన్నదే. పక్కన పెట్టాను. మూడు నక్షత్రాలూ ఒక్కసారి పొడిచాయి. నేను లేచి కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాను. తెల్లబట్టల్లో చేల మధ్య మళ్ళీ కొంతదూరం నడిచాను కూడా. ఒంటిగంటైంది. ఆంటీ స్టూలు మీద డైరీ తెరుస్తోంది.

"ఆంటీ, అందులో ఓ నాలుగు పేర్లు కొట్టేయండి."

"ఏం, అక్కడ పంటలు పండినయ్యా?"

"లేదు. అవి మిగతావాటితో కలవట్లేదు. లెక్కలోంచి తీసేశాను."

"తీసేశావా? అక్కడ మనుషుల్లేరా?"

"ఉన్నారు."

"మరి?"

"పంట పండలేదు. అదే ఇబ్బంది."

ఆంటీ కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "అంటే పండినోళ్ళ కోసం నేను రోజూ తిండి మానుకోవాలి, పండనోళ్ళను కొట్టెయ్యాలి. ఎవరు నేర్పారే నీకీ భక్తి?"

"ఇది భక్తి కాదాంటీ, స్టాటిస్టిక్స్."

సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటున్న ఆంటీ కూతురు తల ఎత్తకుండానే సింగపూర్ ఇంగ్లీషులో అంది: "అక్కా, దట్ వన్ చీటింగ్ లా."

మోసం కాదని దానికి అరగంట చెప్పాను. అది అరగంటా ఫోన్ చూసుకుంది. ఆంటీ మాత్రం ముప్పై ఒక్క పేర్లూ చదివి, ఆ నాలుగింటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. సండే స్కూల్లో తప్పిపోయిన గొర్రె కథ చెప్పి బహుమతులన్నీ ఎత్తుకెళ్ళిన దాన్ని, నా చేత్తో నేనే నాలుగు జిల్లాల్ని మందలోంచి బయటికి తోలేశానని ఆ ఆగడంలో నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నక్షత్రాలు వదులుకోవడం తేలిక కాదు. సోమవారం ప్లాట్‌ఫాం మీద దేవుణ్ణి ఒక సూచన అడిగాను: రెండు నిమిషాల్లో రైలు వస్తే ప్రొఫెసర్‌తో మాట్లాడతాను. వచ్చింది. (సింగపూర్‌లో రెండు నిమిషాలకు రైలు రావడం సూచన కాదు, టైంటేబుల్ అని అప్పటికే నాకు తెలుసు. తెలిసే అడిగానేమో.)

ప్రొఫెసర్ ఆఫీసు కింద తిండి కొట్ల హాకర్ సెంటర్‌లో టీ తాగుతున్నాడు. నాలుగు పేర్లున్న కాగితం ముందు పెట్టాను. చదివి, గ్లాసులో చెంచా చాలాసేపు తిప్పాడు.

"ఈ నాలుగింటినీ ఎందుకు విడదీశావు?"

"మిగతావాటితో కలవలేదు సర్."

"ఎన్నికల్లో కూడా కలవలేదు" అన్నాడు. "అంతటా పాలకపక్షం గెలిచింది, ఈ నాలుగు చోట్ల ఓడింది. ఆ తర్వాత ఎరువు లారీ కాగితం మీద వెళ్ళింది, రోడ్డు మీద వెళ్ళలేదు."

"మీకు ముందే తెలుసా?"

"మా దేశంలో అందరికీ తెలుసు. పట్టికలో పెట్టి చూపించినవాళ్ళు లేరు." కాగితం నా వైపు జరిపాడు. "కలిపేస్తే నీ నక్షత్రాలు?"

"మూడూ పోతాయి."

"ఒక విషయం. సెమినార్‌కి మా మంత్రిత్వశాఖ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు నచ్చకపోతే నీ ఒప్పందం విషయంలో నేను చేయగలిగింది పెద్దగా ఉండదు. నువ్వే ఆలోచించుకో."

ఆలోచించుకునే ధైర్యం లేక వెంటనే పైకెళ్ళి నాలుగింటినీ కలిపేశాను. ఎవరికి ఓటేశారన్నది పట్టికలో ఒక కొత్త వరసగా చేర్చాను. నక్షత్రాలు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఆ వరసలో. గురువారం సెమినార్లో అదే చూపించాను. ముందు కుర్చీలో కూచున్న మంత్రిత్వశాఖ అతిథి "ఆసక్తికరంగా ఉంది" అని, నేను ముగించకముందే భోజనానికి లేచాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు లేచారు. నా ఒప్పందం ఏడాదికి పొడిగించలేదు. మూడు నెలలకు పొడిగించారు, తప్పులేమైనా ఉంటే దిద్దుకోవడానికని. ప్రొఫెసర్ ఆ మూడు నెలల్ని ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఏడాది చేశాడని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆదివారం సాక్ష్యానికి లేచాను. నక్షత్రాలు వచ్చాయి, కానీ ఎరువు రాలేదని తేలింది, అన్నాను. దీనికి సంతోషించాలో విచారించాలో సంఘానికి తోచలేదు. వెనక ఎవరో అలవాటు కొద్దీ సన్నగా "స్తోత్రం" అని, ఒంటరిగా వినపడేసరికి ఆపేశారు. నేను కూచోగానే ఆంటీ నా చెవిలో అంది: "ఆ లారీలు ఆపించినాయన పేరు కూడా కనుక్కో. ఆయన కోసం ఎక్కువ ప్రార్థన చెయ్యాలి."

మరుసటి ఏడాది నిజంగానే వెళ్ళాను, ఆ నాలుగింటిలో ఒక జిల్లాకి. తెల్లబట్టలు ఎర్రమట్టిలో పది నిమిషాలు కూడా ఆగలేదు. ఒక రైతమ్మ తన చేను చూపించింది. మొక్కజొన్న ఎంత బాగుందో అని మెచ్చుకున్నాను. అది జొన్న అని దుభాషీ మెల్లిగా చెప్పాడు. ఆమె నవ్వి, ఎక్కడో సముద్రాల అవతలి మనిషివి, మా జిల్లా పేరు నీకెలా తెలుసు అని అడిగించింది. సంచిలో రిపోర్టు ఉంది. తీద్దామని చెయ్యి పెట్టి, తియ్యకుండా, మా ఇంట్లో ఒకావిడ రోజూ ప్రార్థనలో ఆ పేరు తలుచుకుంటుంది అన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. ఎన్నింటికి అని అడిగింది.

"అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు. మీకు పొద్దున ఏడు."

ఆమె లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు చేను వైపు చూసింది. "మేం పొలంలో కాలు పెట్టే వేళ" అంది. "మంచి టైమే చూసుకుంది."