నీడ లేని వీరుడు

2008 సంగతి. సూర్యాపేటలో విగ్రహాలకు రంగులు వేయడం నా పని. మా నాన్నకు కొడుకుల్లేరు, అందుకని కొట్టూ కుంచెలూ నా చేతికొచ్చాయి. వినాయకులు, పోచమ్మలు, చర్చిల కోసం మరియమ్మలు, ఎవరొచ్చినా కాదనను. దేవుళ్లతో నాకెప్పుడూ పేచీ లేదు, తంటా అంతా భక్తులతోనే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి సులోచనమ్మ అనే పెద్దావిడ వచ్చింది. టిఫిన్ గిన్నె మూత తీసి, తువ్వాలలో చుట్టిన బొమ్మను బల్ల మీద పెట్టింది. అరచేతిలో పట్టేంత బస్ట్, అంటే తల నుంచి ఛాతీ వరకే ఉండే బొమ్మ. ఇనుప టోపీ, గొలుసు కవచం, భుజాల మీద దుప్పటి. ఎన్నో వందల ఏళ్ల కింద ఐరోపాలో గుర్రమెక్కి యుద్ధాలు చేసిన వీరుడు. దుప్పటికి ఎర్ర రంగు సగం పడి ఆగిపోయింది.

“మా సారు డ్రాయింగ్ మాస్టరు. రిటైరైనంక రంగులేద్దామని ముచ్చటపడి కొన్నరు. ఇంతల్నే పక్షవాతమొచ్చి కుడి చెయ్యి పడిపోయింది,” అంది. “దీన్నే సూసుకుంట కూసుంటరు. మాట్లాడరు, సరిగ్గ తినరు. నువ్వు పూర్తి జేసిస్తే జర మనసు కుదుటపడుతదేమో బిడ్డా.”

నేను సరేనన్నాను.

ఆయిల్ పెయింట్ తొందరగా ఆరదు. అందుకే రెండు రంగుల అంచులను మెత్తని కుంచెతో ఒకదానిలో ఒకటి కరిగించొచ్చు, దాన్ని బ్లెండింగ్ అంటారు. నల్ల రంగును టర్పెంటైన్‌తో పలచన చేసి కవచం మీద పారిస్తే, సందుల్లోకి దిగి గొలుసు లంకెలు ఒక్కొక్కటే తేలతాయి. అది వాష్.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలాగే గుర్తున్నాయి. అవిసె నూనె వాసన, కరెంటు పోయి ఆగిన ఫ్యాను, రోడ్డు మీద లారీల మోత ఎక్కడో నీళ్ల అడుగున ఉన్నట్టు. ముఖానికి రంగు వేస్తుంటే, ఆ వీరుడు ఏ చలి దేశపు పొగమంచులోంచో మెల్లగా నా వైపు నడిచొస్తున్నట్టుండేది. దారి తప్పి సూర్యాపేట చేరిన మనిషి, ఇంత చాయ్ పోద్దామనిపించేది. వెనక్కి పంపాలంటే బెంగ పట్టుకుంది కూడా.

అన్ని రంగులూ ఆరాక నేనే రంగుల సంచితో బస్సెక్కి మిర్యాలగూడ తీసుకెళ్లాను. ఇల్లు రైస్ మిల్లుల వెనక వీధిలో. మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. బొమ్మ చూడగానే ముఖం చిట్లించారు.

“నువ్వు దేవుని బొమ్మలేస్తవా?”

నాకు ఒళ్లు మండింది. “అవును సార్. ఎట్ల తెలిసింది?”

“టోపీ అంచు గింత ముందుకున్నది. దాని కింద నీడేది? బుగ్గలు సూడు, చిన్ని కృష్ణునికున్నట్టు మెరుస్తున్నయ్.”

నిజమే. దేవుడి ముఖం మీద మేం నీడ వేయం. వెలుగు ఆయనలోంచే వస్తుందని నాన్న నేర్పాడు. చెయ్యి ఆ అలవాటునే పోయింది. అదే చెప్పాను.

“దేవునికి సరే. ఈయన మనిషి. ఎండల తిరిగినోడు, దెబ్బలు తిన్నోడు. నీడ లేకుంటెట్ల? కుంచె ఇటు తే.”

సులోచనమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాస్టారు ఎడమ చేత్తో కుంచె పట్టి, ముదురు గోధుమ రంగు అద్ది, టోపీ అంచు కింద పెట్టారు. చెయ్యి వణికి గీత ముక్కు దాకా పాకింది. ఇక కుంచె విసిరేస్తారనుకుని హడలిపోయాను. గబగబా గుడ్డకు టర్పెంటైన్ అద్ది ఇచ్చాను. కింద నా రంగు ఆరి ఉంది కాబట్టి కొత్త గీత ఒక్కటే చెరిగిపోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ తుడిచారు.

“అన్నం సల్లారుతుంది, రాండ్రి,” అంది సులోచనమ్మ.

“జర ఆగు. కన్ను కింద కాలె ఇంకా.”

ఆమె వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి.

కొన్నాళ్ల తర్వాత కోదాడలో చర్చి పనిలో ఉండి ఫోన్ చేశాను. “బొమ్మ అయిపోయిందా సార్?”

“కుడి బుగ్గ కుదిరింది. ఎడమది పొద్దున్నే తుడిచేసిన.”

“నేనొచ్చి సరిచేయనా?”

“నువ్వు రాకు బిడ్డా. అది ఖతమైతే రేపు పొద్దుగాల లేసి నేనేం జెయ్యాలె?”

అప్పటిదాకా పని ముగించి చేతికివ్వడమే పనితనమనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా తాము మొదలుపెట్టిన బొమ్మను నా దగ్గరికి తెస్తే, కుంచె ముట్టకముందే అడుగుతాను: “ఇందుల మీకోసం ఎంత మిగలనియ్యాలె?”