మైదానం నేను చూసుకుంటా

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, పత్తి చేలను ఆనుకుని ఒక బయలు ఉంది. జిన్నింగు మిల్లు యజమాని తన కొడుకు సంతోష్ కోసం దాన్ని చదును చేయించి, గోల్ఫ్ నేర్పే మైదానంగా మార్చాడు. గడ్డి ఉన్నది నిలబడి కొట్టే చోటే. మిగతాదంతా నల్లరేగడి. ఎండాకాలం రాకముందే నెర్రెలు విచ్చి ఉంటుంది.

అక్కడ ఆట నేర్పేది జనార్దన్. ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాడు. మగ్గం కూడు పెట్టని రోజుల్లో బెంగళూరు పోయి, ఒక గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోసి, ఆడేవాళ్ళ సంచులు మోసి, చూసి చూసి ఆట పట్టుకున్నాడు. యాభై దాటాక భార్య మహాదేవమ్మతో ఊరికి తిరిగొచ్చాడు.

కొత్తగా చేరినవాళ్ళకు మొదట బంతి ఇచ్చేవాడు కాదు. కర్ర పట్టుకోవడం, కాళ్ళు ఎడంగా పెట్టడం, నడుము తిప్పడం, అంతే. షుగరు తగ్గాలని వచ్చిన బట్టల కొట్టు గిడ్డయ్య రెండు వారాలకు విసుగెత్తి, "ఏమప్పా, మా దుకాణంలో గజంబద్ద పట్టుకున్నా ఇదే వస్తాది గదా" అన్నాడు. తీరా బంతి ఇస్తే అది కాళ్ళ ముందే దొర్లింది. జనార్దన్ నవ్వి, "గాలిని బాగా కొట్టినావన్నా" అన్నాడు.

కొంత వచ్చినవాళ్ళతో పని ఇంకా కష్టం. ఫోనులో చూసి నేర్చుకొచ్చిన బ్యాంకు ఉద్యోగిని స్వాతికి అలవాటైనదంతా మాన్పించాల్సి వచ్చింది. నెల రోజులు ఆమె ఆట వచ్చినప్పటికంటే చెడింది. "అందరికీ ఇంతే తల్లీ, చెడినాకే కుదురుతాది" అన్నాడు.

బాగా వచ్చిన సంతోష్‌కు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వెనక నిలబడి, ముందు ఎవరూ లేరని చూసి "కొట్టు" అనడం, బంతి ఎక్కడ పడిందో చెప్పడం, అంతే.

ముగ్గురికీ ఒకే మాట నేర్పాడు. "నీ కన్ను బంతి మీదే ఉండాల. తల ఎత్తొద్దు. మైదానం నేను చూసుకుంటా."

ఏడాదిగా అతనికి మైదానం కనిపించడం లేదు.

మొదట కళ్ళకు పొగ పట్టినట్టు ఉండేది. తర్వాత మైదానం చివర ఉన్న కంచె కనిపించకుండా పోయింది, దాని అవతలి పత్తి చేను పోయింది. గిడ్డయ్య బంతి కాళ్ళ దగ్గరే కనుక ఇబ్బంది లేదు. స్వాతి బంతి పడ్డ చోటు చప్పుడుతో తెలిసిపోయేది. సంతోష్ బంతి కూడా గట్టినేల మీద పడితే దెబ్బ వినిపించేది. అది ఒక్కోసారి కంచె దాటేది కనుక, చేలో కూలీల మాటలు వినిపిస్తే ఆపేవాడు, వినిపించకపోతే "కొట్టు" అనేవాడు. తెలిస్తే యజమాని పని మాన్పిస్తాడని ఎవరికీ చెప్పలేదు.

మహాదేవమ్మకు మాత్రం అనుమానం. ఒకరోజు మగ్గం మీద తెగిన దారం అతకమంటే వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు.

"కండ్లు సూపించుకోరాదా?"

"పత్తి పనులు అయిపోనీ."

"రేపట్నుంచి మేము కూలికి పత్తి తీసేది మీ కంచె పక్క సాళ్ళల్లోనే. మీ మిల్లోళ్ళ పిల్లోని బంతి నా నెత్తిన పడితే నాకు పట్టుచీర కొనిస్తావా?" అని నవ్వింది.

"మనిషిని సూడకుండా కొట్టిస్తానా?" అన్నాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

మర్నాడు సాయంత్రం సంతోష్ బెంగళూరు పోటీకని గట్టిగా సాధన చేస్తున్నాడు. పొద్దు ఎదురుగా దిగుతోంది. అప్పటిదాకా చేలోంచి వస్తున్న ఆడవాళ్ళ మాటలు దూరం జరిగి, ఆగిపోయాయి. పత్తి తూకానికి గట్టు మీదికి పోయినట్టున్నారు.

"సార్, కొట్టొచ్చునా?"

జనార్దన్ చెవి ఒగ్గాడు. ఒక్క మాట లేదు. సాలు ముగిద్దామని వెనక ఒంటరిగా ఉండిపోయిన మనిషి ఎవరితో మాట్లాడుతుందన్న ఆలోచన అతనికి రాలేదు.

"కొట్టప్పా."

కర్ర బంతిని శుభ్రంగా తాకింది. ఆ చప్పుడుకే తెలిసింది, ఆ పిల్లవాడు ఇంత బాగా ఎన్నడూ కొట్టలేదని. నేల మీద పడే దెబ్బ కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. ఏదో మెత్తని చప్పుడు వచ్చింది.

సంతోష్ అప్పుడు తల ఎత్తాడు. చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని చూశాడు.

"సార్, ఆడ సేన్లో ఎవరో ఉండారు."

"నిలబడి ఉండారా?"

"ఉండ్రి. ఇప్పుడు కనపల్లేదు."

జనార్దన్ పరుగెత్తాడు. కంచె ఎక్కడుందో ముళ్ళు గీరుకున్నాకే తెలిసింది. అవతల అంతా తెలుపు, పత్తి ఏదో మనిషి ఏదో తెలియని తెలుపు.

"మాదేవీ" అని పిలిచాడు. మళ్ళీ పిలిచి, ఆగి, విన్నాడు.

గట్టు వైపు నుంచి వచ్చిన అడుగులు ముందు పక్క ఎక్కడో ఆగాయి. ఒక ఆడమనిషి పలికింది. అది మహాదేవమ్మ గొంతు కాదు.

"ఈడుండాదన్నా."

ఆ గొంతు వచ్చిన దిక్కుకు చేతులు చాచుకుని నడిచాడు.